లాభంలో మీ కూలి ఎంత? ఏడాది చివరి లెక్కలపై పాఠకుల ప్రశ్నలు

ఇది 2025 డిసెంబరు, ధనుర్మాసం నడుస్తోంది. శుక్ర మౌఢ్యం కూడా కలిసి రావడంతో ఫిబ్రవరి మధ్య దాకా పెళ్ళి పనులు పలచనే. సంక్రాంతి పిండివంటల ఒత్తిడి ఇంకా మొదలుకాలేదు. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఇంటి నుంచో, చిన్న అంగడి నుంచో వ్యాపారం చేసుకునే ఆడవాళ్ళకు పుస్తకం తెరిచి కూర్చోవడానికి ఏడాదిలో దొరికే తీరిక ఇదే. ఆదాయపు పన్ను లెక్కకు సంవత్సరం మార్చి 31న ముగుస్తుంది కనుక, ఇప్పుడు కనిపెట్టిన తప్పును దిద్దుకోవడానికి ఇంకా మూడు నెలలు చేతిలో ఉంటాయి.

ఈ నెల వచ్చిన చాలా ఉత్తరాల వెనక ఒకే లోటు కనబడింది. సరుకు ఖర్చు రాస్తున్నారు, అద్దె రాస్తున్నారు, తమ కూలి మాత్రం రాసుకోవడం లేదు. అది రాయనంతకాలం నష్టం కూడా లాభంలాగే కనిపిస్తుంది. జవాబులు చదివేటప్పుడు ఈ మాట మనసులో పెట్టుకోండి.

ప్రశ్న: మాది తిరుపతి బైరాగిపట్టెడ. ఇంట్లోనే నిప్పట్లు (చెక్కలు), మురుకులు, కజ్జికాయలు చేస్తాను. తోడుకు మా ఆడబిడ్డ వస్తుంది. ఇంటికొచ్చి కొనేవాళ్ళు ఉన్నారు, మూడు అంగళ్ళకు కూడా వేస్తున్నాను. ఏడాదంతా పొయ్యి ఆరింది లేదు. డిసెంబరు వచ్చేసరికి చేతిలో ఏమీ నిలవలేదు. ధర చాలడం లేదా, ఖర్చు ఎక్కువవుతోందా, ఎలా తెలుసుకోవాలి?

జవాబు: ఏడాది మొత్తం లెక్క ఒకేసారి తీయబోతే తల తిరుగుతుంది. ముందు ఒక్క తడవ పిండి లెక్క తీయండి. నిప్పట్లతోనే మొదలుపెట్టండి. కింద వేసిన ధరలు నమూనాకే, వాటి స్థానంలో మీ బిల్లులోవి వేసుకోండి.

బియ్యప్పిండి 5 కిలోలు, మర కూలితో 300 రూపాయలు. పుట్నాల పప్పు అర కిలో 60, వేరుశనగ పప్పు అర కిలో 70. వెన్న, కారం, నువ్వులు, కరివేపాకు, ఉప్పు కలిపి 150. పీల్చుకున్న నూనె కిలోన్నర 225. అర కిలో కవర్లు, లేబుళ్ళు 14కు 56. అన్నీ కలిపితే 861 రూపాయలు. విరిగిన ముక్కలు పోగా దిగేది సుమారు 7 కిలోలు, అంటే కిలోకు 123. మీరు 240కి అమ్ముతుంటే కిలోకు 117 మిగులుతోందని అనిపిస్తుంది. చాలామంది లెక్క ఇక్కడితో ఆగిపోతుంది.

ఇప్పుడు గ్యాసు 115 కలపండి. ఇద్దరు మనుషులు అయిదు గంటల చొప్పున పది గంటలు, గంటకు 60 వేసినా 600. మొత్తం 1,576. కిలో 225 పడింది! ఇంటి దగ్గర అమ్మితే కిలోకు 15 రూపాయలు మిగులుతాయి. అంగడికి వేస్తే వాళ్ళ 15 శాతం కమిషను 36 పోను మీకు వచ్చేది 204. అంటే అంగడికి వేసిన ప్రతి కిలోలో మీ కూలిలోంచి 21 రూపాయలు మీరే ఎదురు చెల్లిస్తున్నారు. పొయ్యి ఆరకపోవడం, చేతిలో నిలవకపోవడం రెండూ ఒకే ఏడాదిలో జరగడానికి కారణం ఇదే కావచ్చు. ఎంత ఎక్కువ చేసి అంగడికి పంపితే అంత ఎక్కువ పోతుంది.

అంకెలు ఊహించి వేయకండి, కొలవండి. బాణలిలో పోసే నూనెను ముందు తూచండి, పని అయ్యాక చల్లారబెట్టి మిగిలింది తూచండి. సిలిండరును కూడా పొద్దున, సాయంత్రం వేలాడే కాటాకు తగిలించి చూడండి. తేడాయే ఆనాటి గ్యాసు. ఇంటి సిలిండరు వ్యాపారానికి వాడటం నిబంధనలకు విరుద్ధం కనుక లెక్క 19 కిలోల సిలిండరు ధరతోనే వేయండి. పిండి తడిపిన వేళ, చివరి కవరు సీలు వేసిన వేళ గోడ మీద రాయండి. గిన్నెలు తోమిన సమయం కూడా పనిలోదే. నిప్పట్లకు ఒకసారి, మురుకులకు ఒకసారి, కజ్జికాయలకు ఒకసారి ఇలా చేస్తే చాలు. కజ్జికాయల దగ్గర మీరు ఉలిక్కిపడతారని మా అనుమానం, ఎందుకంటే అంచు మడతకు పట్టే సమయం ధరలో ఎవరూ వేయరు.

నూనె ఖర్చు ఎక్కువ వస్తే మూడు చోట్ల వెతకండి. నూనె కాగకముందే వేస్తే నిప్పట్టు అడుగున కూర్చుని పీలుస్తుంది. చిన్న పిండి ముక్క వేయగానే పైకి తేలాలి. వెన్న మరీ ఎక్కువైతే నూనెలో విరిగి, విరిగిన అంచుల్లోంచి ఇంకా పీలుస్తుంది. పిండి పలచనైనా అంతే, లోపలి నీరు పోయిన చోట నూనె చేరుతుంది. నల్లబడి నురగ కడుతున్న నూనెలో కొత్తనూనె కలిపి సర్దుకోవడం మాత్రం వద్దు. ఆ వాయిలో చేసినవి తొందరగా వాసన పట్టి అంగడి నుంచి తిరిగొస్తాయి. తిరిగొచ్చిన సరుకు అంటే పూర్తి 225 పోయినట్టే.

ఇంకొకటి, తూకంలో మొగ్గు. కిలోకు 40 గ్రాములు మొగ్గు వేస్తే నూరు కిలోలకు 4 కిలోలు పోతాయి. ఇంటికొచ్చే వాళ్ళకు చేతిలో రెండు నిప్పట్లు పెట్టండి, అది మన మర్యాద. కవరు మాత్రం కాటా చెప్పినంతే ఉండాలి.

ధర మార్చడానికి సంక్రాంతి ఆర్డర్లు మొదలయ్యే ముందు వారమే మంచిది. ఇంటి దగ్గర 280 పెడితే కిలోకు 55 మిగులుతుంది. అంగడికి వేసే కవరు మీద కిలో 320 లెక్కన ముద్రిస్తే కమిషను పోను 272 చేతికొస్తుంది. ఆ ధరకు అంగడివాళ్ళు ఒప్పుకోకపోతే ఆ అంగడి వదులుకోండి. మూడింటిలో ఒకటి తగ్గితే మీకు మిగిలే సమయం నేరుగా అమ్మే సరుకుకు పనికొస్తుంది.

కవరు ధర మారుస్తున్నారు కాబట్టి లేబులు కూడా ఇప్పుడే సరిచూసుకోండి. పదార్థాల పేర్లు, నికర బరువు, గరిష్ఠ చిల్లర ధర, చేసిన తేదీ, ఎప్పటిలోగా వాడాలో, మీ చిరునామా, ఫోను నంబరు, ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉండాలి. ఆ రిజిస్ట్రేషను గడువు ఎప్పటిదాకా ఉందో ధ్రువపత్రంలో చూసి క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోండి.

ప్రశ్న: తిరుపతి కొర్లగుంటలో లేడీస్ టైలరింగ్ అంగడి పెట్టి నాలుగేళ్ళయింది. లైనింగు జాకెట్టుకు 350 తీసుకుంటాను. బాకీలు చాలా ఉన్నాయి, కుట్టి పెట్టినా తీసుకెళ్ళని జాకెట్లు ఒక బీరువా నిండా ఉన్నాయి. అందరూ తెలిసినవాళ్ళే, గట్టిగా అడగలేను. ఏడాది చివర్లో వీటినేం చేయాలి?

జవాబు: ముందు బీరువా ఖాళీ చేసి అన్నీ నేల మీద పరచండి. ఒక్కోదానికి పేరు, కుట్టిన నెల, రావాల్సిన మొత్తం రాయండి. పేరు లేని చీటీలు కొన్ని తప్పకుండా బయటపడతాయి. వాటిని ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టండి.

తర్వాత బాకీలను వయసు ప్రకారం విడదీయండి. నెలలోపువి, మూడు నెలలలోపువి, ఏడాదిలోపువి, ఏడాది దాటినవి. మొదటి రెండూ వసూలవుతాయి. మూడోదాంట్లో సగం వస్తే గొప్ప. ఏడాది దాటినదాన్ని మీ ఆస్తిగా లెక్కవేయకండి. వస్తే ఆరోజు రాబడిలో రాసుకోవచ్చు. ‘నాకు బయట 60 వేలు రావాలి’ అనే ధైర్యంతో అప్పు చేసి కొత్త మెషీను కొనేవాళ్ళు ఇక్కడే ఇరుక్కుంటారు.

అడగడానికి మొహమాటం అడ్డొస్తే అంకెతో అడగండి. నెల మొదటి వారంలో, ఉదయం పూట, ఒక్కొక్కరికీ విడిగా పంపండి: ‘అక్కా, నమస్కారం. అక్టోబరు 12న తీసుకున్న మూడు జాకెట్లకు 1,050 రూపాయలు ఉంది. బిల్లు ఫొటో పెట్టాను. ఈ శనివారంలోగా పంపితే పండక్కి లైనింగు, దారం తెచ్చుకుంటాను.’ తేదీ, మొత్తం, గడువు మూడూ ఉన్నాయి, నిష్ఠూరం లేదు. ‘వీలున్నప్పుడు చూడండక్కా’ అని మాత్రం రాయకండి, ఆ వీలు రాదు. ఒకేసారి ఇవ్వలేమంటే రెండు వాయిదాలు ఒప్పుకోండి, రెండో వాయిదా తేదీని వాళ్ళ చేతే చెప్పించండి.

తీసుకెళ్ళని జాకెట్లను అమ్మడం, కత్తిరించడం చేయకండి. గుడ్డ వాళ్ళది. జనవరి నుంచి గుడ్డ తీసుకునేటప్పుడే సగం అడ్వాన్సు తీసుకుని, చీటీ మీద ‘డెలివరీ తేదీ నుంచి 30 రోజులలోగా తీసుకెళ్ళవలెను’ అని అచ్చు వేయించండి. సగం కట్టినవాళ్ళు తప్పకుండా వస్తారు. పాతవాళ్ళు ‘నాలుగేళ్ళుగా లేనిది ఇప్పుడేంటి’ అంటే, అందరికీ ఒకటే పద్ధతి పెట్టామని గోడ మీద బోర్డు చూపించండి. చుట్టాలకు మినహాయింపు ఇచ్చిన రోజే ఆ బోర్డు పని చేయడం మానేస్తుంది.

350లో మీకు ఎంత దక్కుతోందో కూడా చూద్దాం. లైనింగు గుడ్డ ధర విడిగా తీసుకుంటారనుకుంటే, దారం, హుక్కులు, కరెంటు 25. హెమ్మింగు, హుక్కులు బయట కుట్టిస్తే 40. నెలకు 4,500 అద్దె కట్టి 90 జాకెట్లు కుడితే ఒక్కోదాని మీద అద్దె 50. మిగిలింది 235. కత్తిరింపుకు 20 నిమిషాలు, కుట్టుకు గంటన్నర, ఇస్త్రీకి పది నిమిషాలు, మొత్తం రెండు గంటలు. గంటకు 117 అంటే బాగున్నట్టే. దీన్ని తినేసేది ఉచిత ఆల్టరేషను. ఒక్కోటి విప్పి కుట్టడానికి అరగంట పడితే ఆ జాకెట్టు మీద గంట రేటు 94కు దిగుతుంది, రెండోసారి వస్తే 78.

అందుకని ఆల్టరేషన్లను కారణం ప్రకారం రాసిపెట్టండి. మా దృష్టిలో టైలరింగు అంగడికి ఏడాది చివర్లో ఇంతకంటే విలువైన కాగితం లేదు. ఉతికాక పైగుడ్డ ముడతలు పడిందంటే నూలు లైనింగు తడపకుండా కత్తిరించారు. మొదటి ఉతుకులో లైనింగు కుదించుకుని పైగుడ్డను లాగేస్తుంది. రాత్రి నీళ్ళలో వేసి, పొద్దున నీడన ఆరబెట్టి, ఇస్త్రీ చేశాకే కత్తిరించాలి. లైనింగు గుడ్డ తెచ్చిన రోజే కోసి తడిపిపెట్టుకుంటే ఈ ఫిర్యాదు దాదాపు పోతుంది. చంక పట్టేస్తోందంటే చాలాసార్లు తప్పు ఆది జాకెట్టుది, అంటే కొలతకు ఇచ్చే పాత జాకెట్టుది. అది రెండేళ్ళ కిందటిది, మనిషి మారింది. ఆది జాకెట్టు ఇచ్చినా ఛాతీ, చంక చుట్టు, చేతి చుట్టు మూడు కొలతలు ఒంటి మీద తీసుకోండి. భుజం జారుతోందంటే వెనక మెడ వెడల్పు చూడండి. డోరీ (మెడ వెనక తాడు) కట్టుకుంటే నిలుస్తుందని మెడ పెద్దది పెట్టించుకునేవాళ్ళు అది కట్టుకోకుండా వచ్చి అడుగుతారు. ఈ మాట కుట్టకముందే చెప్పాలి. మీ తప్పయితే ఉచితం, కొలత మారితే 50 రూపాయలు అని చీటీ మీద ఉండాలి.

పని పలచనగా ఉన్న ఈ వారాల్లోనే మెషీన్లు సర్వీసుకు ఇవ్వండి. బాబిన్ కేసు అరిగితే కుట్టు వదులవుతుంది, మనం దారం మీద నెపం పెట్టి కొత్త దారాలు కొంటుంటాం. పండగ వారంలో మెకానిక్కు దొరకడు.

ప్రశ్న: శ్రీకాళహస్తిలో మేం నలుగురం కలిసి చేతి కలంకారీ చీరలు, దుపట్టాలు వేస్తాం. ఒక షోరూం నుంచి లక్షా ఎనభై వేలు ఏడు నెలలుగా రావాలి. ఇంట్లో 22 చీరలు మిగిలాయి. లెక్కలో వీటిని అమ్మకపు ధరకే రాసుకోవచ్చా?

జవాబు: రాయకూడదు. మిగిలిన చీరకు గుడ్డ, కరక్కాయ, పాలు, రంగులు, ఉతుకు, చేయి పని కలిపి ఎంత పడిందో అదే దాని విలువ. ఇప్పుడు మార్కెట్లో అంతకంటే తక్కువకే పోతుందంటే ఆ తక్కువ ధరే రాయాలి. 9,000కు అమ్మాలనుకున్న చీరకు 5,500 ఖర్చయి ఉంటే పుస్తకంలో 5,500. 22 చీరలకు 77,000 తేడా వస్తుంది. లేని ఆ లాభాన్ని నలుగురూ పంచుకుంటే వచ్చే ఏడాది గుడ్డ కొనడానికి డబ్బుండదు.

తర్వాత 22ను మూడు గుట్టలు చేయండి. చూపించడానికి మంచివి కానీ సరైన కొనుగోలుదారు చేతికి చేరనివి ఒకటి. డిజైను బాగుండి రంగు నచ్చనివి రెండోది. మడత మీద రంగు తగ్గినవి, మచ్చ పడినవి మూడోది. మూడో గుట్టను చీరలుగా ఉంచకండి. మచ్చ లేని భాగం చూసి జాకెట్టు ముక్కలుగా, సంచులుగా, గోడకు తగిలించే పటాలుగా మార్చేస్తే కట్టుబడిన డబ్బు కొంతైనా కదులుతుంది. రెండో గుట్టను తగ్గింపు ధరకు ఒకేసారి ఇచ్చేయండి. మొదటి గుట్టకు మాత్రం ధర తగ్గించవద్దు.

మడత మీద రంగు తగ్గడానికి కారణం అలమారలో ఒకే మడత మీద నెలల తరబడి ఉండటం, పై అంచుకు కిటికీ వెలుతురు తగలడం. పాలల్లో, కరక్కాయలో ముంచిన గుడ్డ కనుక చెమ్మ తగిలితే పురుగు, బూజు రెండూ పడతాయి. ప్లాస్టిక్ కవరు తీసేసి పాత నూలు పంచెలో చుట్టండి, రెండు నెలలకోసారి మడత మార్చి నీడలో గాలికి వేయండి.

ఇక షోరూం బాకీ. మీరు తయారీదారులు కాబట్టి ఉద్యం రిజిస్ట్రేషను (చిన్న సంస్థలకు కేంద్ర ప్రభుత్వ నమోదు) ఉంటే 2006 నాటి ఎం‌ఎస్‌ఎం‌ఈ చట్టం మీకు అండగా ఉంటుంది. రాతపూర్వక ఒప్పందం లేకపోతే సరుకు ఒప్పుకున్న 15 రోజుల్లో, ఉన్నా గరిష్ఠంగా 45 రోజుల్లో కొన్నవాళ్ళు చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే ‘బ్యాంకు రేటు’కు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఫిర్యాదుకు ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్ ఉంది. కానీ ఇక్కడ రెండు చిక్కులున్నాయి. సరుకు ఇచ్చేనాటికే ఉద్యం నంబరు ఉండాలి, తర్వాత తీసుకుంటే పాత బాకీకి పనికిరాకపోవచ్చు. రెండోది, ‘అమ్ముడుపోతే ఇస్తాం’ అనే పద్ధతిలో ఇచ్చి ఉంటే అది అమ్మకమే కాదని షోరూం వాదిస్తుంది. అలాంటి సరుకుకు డెలివరీ చలానా రాయించి, ఎన్ని రోజుల్లో అమ్మాలో, లేకపోతే తిప్పి పంపాలో సంతకం తీసుకోండి.

ఉద్యంకు ఫీజు లేదు. ఆధార్, పాన్ ఉంటే ఆన్‌లైన్‌లో మీరే చేసుకోవచ్చు. వేలకు వేలు అడిగే మధ్యవర్తుల సైట్లు చాలా ఉన్నాయి, వాటి జోలికి పోకండి.

పోర్టల్‌కు వెళ్ళే ముందు ఒక పని చేసి చూడండి. సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువు దాటి, మార్చి 31లోగా కూడా కట్టని మొత్తాన్ని కొన్నవాళ్ళు ఆ సంవత్సరం ఖర్చుగా చూపించుకోలేరని 2024 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టంలో నిబంధన వచ్చింది. మార్చి దగ్గర పడేకొద్దీ వాళ్ళ ఆడిటరే ఈ బాకీలు తేల్చమని చెబుతాడు. అందుకని జనవరిలో ఉద్యం నంబరు వేసిన బాకీ వివరాలు, బిల్లుల నకళ్ళు షోరూం యజమానికి, వాళ్ళ అకౌంట్స్ మనిషికి ఇద్దరికీ పంపండి. ఫిబ్రవరిలో ఇంకోసారి పంపండి.

ప్రశ్న: పలమనేరు నుంచి. డ్వాక్రా గ్రూపులో నా వాటాకు లక్షా యాభై వేలు వచ్చింది. 90 వేలు మెషీన్లకు పెట్టాను, 60 వేలు పిల్లాడి కాలేజీ ఫీజుకు వాడాను. వాయిదాలు కట్టేసరికి వ్యాపారంలో ఏమీ మిగలడం లేదు. వ్యాపారం నష్టమా?

జవాబు: కాకపోవచ్చు. వాయిదాను అయిదు భాగాలు చేయండి. మూడు భాగాలు వ్యాపారం ఖర్చు, రెండు భాగాలు ఇంటి ఖర్చు. ఆ రెండు భాగాలు వ్యాపారం పుస్తకంలో రాయకండి, ఇంట్లో వాళ్ళకు కూడా అలాగే చెప్పండి. ఫీజు కట్టడం తప్పేమీ కాదు. అది వ్యాపారం మోస్తోందని ఎవరికీ తెలియకపోవడమే ఇబ్బంది.

వచ్చే నెల నుంచి వ్యాపారానికి వేరే బ్యాంకు ఖాతా పెట్టి, నెలకోసారి ఒకే తేదీన మీ జీతంగా ఒకే మొత్తం ఇంటి ఖాతాకు మార్చుకోండి. మధ్యలో గల్లాపెట్టెలోంచి పాలకూ కూరకూ తీయడం మానేయండి. ఈ ఒక్క అలవాటు కుదిరితే వచ్చే డిసెంబరులో లెక్క పది నిమిషాల్లో తేలుతుంది.

బయటి ఫైనాన్సుతో ఈ అప్పు తీర్చే ఆలోచన ఉంటే ఆగండి. ‘నూటికి రూపాయే వడ్డీ’ అంటారు. లక్ష తీసుకుని 24 నెలలు కడితే వడ్డీ 24,000, నెల వాయిదా 5,167. అసలు తగ్గుతున్నా వడ్డీ మొత్తం లక్ష మీదే పడుతుంది కాబట్టి, తగ్గే అసలు మీద లెక్కిస్తే అది ఏడాదికి సుమారు 21.6 శాతం.

ప్రశ్న: పుత్తూరులో ఇంట్లోనే నైటీలు, చీరలు అమ్ముతాను. ఈ ఏడాది ఫోన్‌పేకి 18 లక్షలు వచ్చాయి. అందులో చీటీ డబ్బు కూడా ఉంది. తిరుత్తణి, చెన్నైలకు కొరియరు కూడా చేస్తున్నాను. జీఎస్టీ, ఇన్‌కమ్‌టాక్స్ వాళ్ళు పట్టుకుంటారంటున్నారు.

జవాబు: భయం అక్కర్లేదు, జాగ్రత్త కావాలి. ఖాతాలోకి వచ్చిందంతా అమ్మకం కాదు, కానీ ఏది అమ్మకమో చూపించాల్సిన బాధ్యత మీదే. బ్యాంకు స్టేట్‌మెంటు ప్రింటు తీయించి చీటీ డబ్బు, తమ్ముడు పంపినది, తిరిగొచ్చిన అప్పు, వీటిని వేరే రంగు పెన్నుతో గుర్తించి పక్కన ఎవరిదో రాయండి. ఏప్రిల్ నుంచి ఇప్పటిదాకా ఉన్నవి ఈ వారమే చేయండి. మార్చిలో కూర్చుంటే ఏ 5,000 ఎవరిదో గుర్తుండదు.

మన రాష్ట్రంలో సరుకు అమ్మేవాళ్ళకు ఏడాదికి 40 లక్షలు, సేవలు అందించేవాళ్ళకు 20 లక్షలు దాటితేనే జీఎస్టీ రిజిస్ట్రేషను తప్పనిసరి. మీ చిక్కు అక్కడ కాదు, తిరుత్తణి కొరియరు దగ్గర. పన్ను పడే సరుకును వేరే రాష్ట్రానికి పంపితే 40 లక్షల మినహాయింపు వర్తించదు, మొదటి పార్సిల్‌కే రిజిస్ట్రేషను కావాలి. ఒక శాతం పన్ను కట్టే కాంపొజిషన్ పద్ధతిలో చేరినా రాష్ట్రం దాటి అమ్మడానికి వీల్లేదు. తిరుత్తణి మనకు పక్క ఊరే కావచ్చు, లెక్కలో మాత్రం పక్క రాష్ట్రం. అక్కడివాళ్ళే మీ ఇంటికొచ్చి కొనుక్కుని చేతపట్టుకుని పోతే అది ఇక్కడి అమ్మకమే. కాబట్టి ఆ కొరియరు మీద ఎంత లాభం వస్తోందో ముందు తేల్చండి. బాగా ఉంటే మామూలు రిజిస్ట్రేషను తీసుకోండి, లేదంటే వాటిని ఆపేయండి. ఆడిటరును కలిసేటప్పుడు ఇప్పటిదాకా పంపిన పార్సిళ్ళ వివరం దాచకుండా చెప్పండి.

ఆదాయపు పన్నుకు చిన్న వ్యాపారులకు సులువైన పద్ధతి ఉంది, 2025-26 సంవత్సరం దాకా అది సెక్షను 44ఏడీ. బ్యాంకు ద్వారా వచ్చిన అమ్మకంలో కనీసం 6 శాతం, నగదు అమ్మకంలో కనీసం 8 శాతం లాభంగా చూపాలి. నిజంగా ఎక్కువ మిగిలితే ఎక్కువే చూపాలి. చీటీ డబ్బు తీసేయగా అమ్మకం 15 లక్షలు తేలి, అంతా ఫోన్‌పేనే అయితే 6 శాతం అంటే 90,000. మీకు నిజంగా మిగిలింది 2 లక్షలైతే 2 లక్షలే రాయండి. కొత్త పన్ను విధానంలో 2025-26 సంవత్సరానికి 4 లక్షల దాకా పన్నే లేదు కనుక నిజం చెప్పడం వల్ల మీకు పోయేదేమీ లేదు. రిటర్ను వేయడం తప్పనిసరి కాకపోయినా ఐటీఆర్-4 వేయమనే మా సలహా. రేపు ముద్రా రుణానికో, ఇంటి రుణానికో వెళ్తే బ్యాంకువాళ్ళు మొదట అడిగేది పాత రిటర్నులే.

ప్రశ్న: చిత్తూరు గ్రీమ్స్‌పేటలో మగ్గం వర్కు, పెళ్ళి జాకెట్లు చేస్తాం. ఈ ఏడాది నెలవారీ లెక్క చూసి వచ్చే ఏడాది మే నెలకు ఇద్దరు పనివాళ్ళను అదనంగా పెట్టుకోవాలనుకుంటున్నాను. సరైన ఆలోచనేనా?

జవాబు: నెలవారీ లెక్క రాసుకున్నందుకు ముందు మెచ్చుకోవాలి. అయితే మన వ్యాపారాలు ఇంగ్లీషు నెలల మీద కాక పంచాంగం మీద నడుస్తాయి. 2026లో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. ఆ నెల రోజులూ తెలుగు కుటుంబాల్లో పెళ్ళిళ్ళుండవు. మే మొదట్లో మనుషుల్ని పెట్టుకుంటే రెండు వారాల పనికి ఆరు వారాల కూలి ఇవ్వాల్సి వస్తుంది.

మగ్గం పనికి పెళ్ళికి మూడు నాలుగు వారాల ముందే గుడ్డ వస్తుంది. కాబట్టి చైత్ర, వైశాఖ ముహూర్తాల పని మీకు మార్చి చివరి నుంచి మే మొదటి వారం దాకా ఉంటుంది. అదనపు మనుషులు కావాల్సింది అప్పుడు. నిజ జ్యేష్ఠ ముహూర్తాలకు మళ్ళీ జూన్ మొదటి వారం నుంచి. తర్వాత ఆషాఢం, మళ్ళీ శ్రావణమే.

చిత్తూరులో మీకొక వెసులుబాటు ఉంది. తమిళ కుటుంబాలు సౌరమానం చూస్తాయి. అధిక మాసం పట్టింపు వాళ్ళకు అంతగా ఉండదు, జులై మధ్య నుంచి వచ్చే ఆడి మాసానిదే పట్టింపు. ఈ ఏడాది బిల్లు పుస్తకం తిరగేసి వాళ్ళ ఆర్డర్లు ఎన్నో లెక్కపెట్టండి. నాలుగో వంతుకు మించి ఉంటే మే చివర్లో ఒక మనిషికి పని దొరుకుతుంది, లేకపోతే దొరకదు.

నెలకు నెల పోల్చడంలో ఇంకో ప్రమాదం. దసరా 2025లో అక్టోబరు 2న వస్తే 2026లో అక్టోబరు 20న, దీపావళి అక్టోబరు 20న వస్తే 2026లో నవంబరు 8న. 2026 సెప్టెంబరు అమ్మకం పడిపోయిందని కంగారు పడి ధర తగ్గించేస్తే అక్టోబరులో తల పట్టుకోవాల్సి వస్తుంది. పండగకు ముందు 30 రోజులు తీసుకుని, ఆ 30 రోజులతోనే పోల్చండి. తిరుపతిలో తినుబండారాలు, గాజులు, బొమ్మలు అమ్మేవాళ్ళకు కూడా ఇదే మాట. అధిక మాసం వచ్చిన ఏడాది తిరుమలలో సాలకట్ల (ఏటా జరిగేవి), నవరాత్రి అని రెండు బ్రహ్మోత్సవాలు జరుగుతాయి కనుక వాళ్ళ సరుకు కొనుగోలు రెండు విడతలుగా ఉండాలి, అంతా ఒకేసారి తెచ్చి పెట్టుకోకూడదు.

మనుషుల విషయంలో ఒక్క సూచన. మంచి మగ్గం పనివాళ్ళు ఖాళీ నెలలో వేరే చోటికి పోతే తిరిగి రారు. అధిక మాసంలో వాళ్ళకు సగం రోజుల పనైనా చూపించేలా, నమూనా ముక్కలు, అన్ని సైజుల్లోనూ పనికొచ్చే చేతి డిజైన్లు ముందే గీసి పెట్టుకోండి. కుట్టని చేతుల ముక్కల మీద వర్కు చేసి ఉంచితే శ్రావణంలో తొందర ఆర్డరు వచ్చినప్పుడు జాకెట్టుకు అతికించడమే ఉంటుంది. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు పట్టుగుడ్డ మీద రంగుకు ఆరు జతలు చాలు, అంతకు మించి డబ్బు పెట్టకండి.